చప్పబడ్డ నాలుక

ఆ మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది గానీ, షెడ్డున్న వీధిలో ఆ పేరుతో ఎవరికీ పనిపడలేదు. అందరికీ ఆయన రుచి మేస్త్రి. కార్లు బాగుచేసే మనిషికి వంటవాడి పేరేమిటని కొత్తవాళ్లు నవ్వేవాళ్లు. ఒక్కసారి ఆయన పని చూశాక నవ్వు మానేసి మొహం చిట్లించేవాళ్లు.

కారు కింద చుక్క పడితే మిగతా మెకానిక్కులు టార్చిలైటు పట్టుకుని వెల్లకిలా కిందకి దూరతారు కదా. ఈయనకి ఆ అవస్థ లేదు. వంగి, చిటికెన వేలు ఆ తడిలో అద్ది, నాలుక కొసకి తాకించి కళ్లు మూసుకునేవాడు. మరుక్షణం థూ అని ఉమ్మేసి, పక్కనున్న డబ్బాలో నీళ్లతో రెండుసార్లు పుక్కిలించి, తీర్పు చెప్పేవాడు.

"చేదుగా ఉంది. బ్రేకు నూనె. ఈ బండి నడుపుకుంటూ వెళ్లావంటే నిన్ను వెనక్కి మోసుకురావాలి."

"ఏ రుచీ లేదు. ఉత్త నీళ్లు. పోయి హాయిగా పడుకో."

"తియ్యగా ఉంది. కూలెంటు కారుతోంది. తాళాలిచ్చి వెళ్లు."

కూలెంటంటే ఇంజను చుట్టూ తిరిగే మందునీళ్లు. ఎండల్లో ఇంజను కాగిపోకుండా, చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి ఇనుమే పగిలిపోకుండా కాచేది అదే. చూడ్డానికి షర్బత్తులా, నాలుక్కి తియ్యగా ఉంటుంది. ఉత్త విషం. కారిన మడుగు నాకి చచ్చిన కుక్కలు ఆ వీధిలోనే రెండున్నాయి. ఆ సంగతి మేస్త్రికి తెలియక కాదు. "మింగితే కదయ్యా చచ్చేది" అనేవాడు.

ఈ విద్య ఆయనకి పని నేర్పిన గురువు దగ్గర అబ్బింది. బురదలో రంగు తెలీదు, మసిలో మెరుపు తెలీదు, నాలుకని మాత్రం ఏ చుక్కా మోసం చెయ్యలేదనేవాడట ఆ గురువు. ఆయన పోయి చాలాకాలమైంది. ముప్పై ఏళ్లుగా ఆ నాలుకే ఈయనకి అన్నం పెట్టింది. పక్క షెడ్డులో పంక్చర్లు వేసే పెద్దాయన రోజూ పొద్దున్నే షట్టరెత్తుతూ పలకరించేవాడు.

"ఏరా, ఇవాళ ఏం వడ్డించారు?"

"ఓ గిన్నెడు గేరు నూనె మిగిలింది. రండి, పళ్లెం పెట్టుకోండి."

"నాకు అరగదురా. నువ్వే కానీ."

ఇద్దరూ నవ్వుకుని పనిలో పడేవాళ్లు. ఒకరి షెడ్డుకి ఒకరు కాపలా. ఒకరి సిగరెట్టు ఒకరిది.

ఆ ఏడాది చలి మొదలవుతుండగానే మేస్త్రికి జ్వరం తగిలింది. తొమ్మిది రోజులు మంచం దిగలేదు. పదో రోజు లేచి కూర్చుంటే పెళ్లాం టీ తెచ్చిచ్చింది. తాగాడు. వేడినీళ్లు. చక్కెర మరిచిపోయిందనుకుని మూడు చెంచాలు కలుపుకున్నాడు. వేడినీళ్లే. ఆవిడ అటు తిరిగినప్పుడు డబ్బాలోంచి చక్కెర పిడికిట్లోకి తీసి నోట్లో వేసుకున్నాడు. ఇసక నమిలినట్టుంది. ఉల్లిపాయ కొరికితే కళ్లు మండాయి గానీ, నోటికీ ముక్కుకీ ఏమీ అందలేదు.

మర్నాడు షెడ్డుకెళ్లి, లోపల్నుంచి గడియపెట్టుకుని, కొత్త కూలెంటు డబ్బా మూత విప్పి వేలు ముంచాడు. నాలుక మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చల్లగా ఉంది. అంతే.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. ఎవరికి చెప్పుకుంటాడు? గొంతు పోయిన గాయకుణ్ణి చూసి ఊరు అయ్యో అంటుంది. రుచి పోయిన మెకానిక్కుని చూసి పగలబడి నవ్వుతుంది. నాలుగు రోజులు పోతే అదే వస్తుందిలే అనుకున్నాడు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లలేదు.

పని మాత్రం ఆపలేదు. ముందు తెల్లట్ట కారు కింద పరిచి రంగు చూసేవాడు, గాలి పంపు బిగించి, ఒత్తిడి పెట్టి కూలెంటు ఎక్కడ కారుతోందో పట్టేవాడు. అంతా అయ్యాక, బండి ఆసామి వచ్చినప్పుడు వేలు అద్ది, కళ్లు మూసుకుని, ముందే తెలిసిన మాట చెప్పేవాడు. జనం ఆ వేలి కోసమే చూసేవాళ్లు మరి. మూడు వారాలు ఆ నాటకం ఎవరికీ అనుమానం రాకుండా నడిచింది.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. తొమ్మిదేళ్లు చిన్నది. నర్సు. ఆస్పత్రిలో కూర్చునే నర్సు కాదు, కారేసుకుని కొండ మీద విసిరేసినట్టున్న ఇళ్లకి వెళ్లి మంచాన పడ్డవాళ్లకి కట్లు మార్చి, సూదులేసి వచ్చే నర్సు. చెల్లికి బండి నడపడం నేర్పింది అన్నయ్యే. ఆమె మొగుడు గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే మనిషి. నెమ్మదస్తుడు, గట్టిగా తుమ్మినా క్షమించమని అడిగే రకం. కారంటే ఆయనకి తెలిసింది నాలుగు చక్రాలూ ఒక హారనూ.

మాట్లాడితే నోట్లోంచి పొగొచ్చే చలిలో, ఒక పొద్దున చెల్లెలు షెడ్డు ముందు బండి ఆపింది. అప్పటికే నాలుగు బండ్లు వరసలో ఉన్నాయి. చలి ముదిరితే మెకానిక్కుకి ఊపిరాడదు.

"అన్నయ్యా, ఒక్క నిమిషం. నా కాళ్ల దగ్గర మ్యాటంతా తడిసిపోతోంది. నిన్న పిండాను, మళ్లీ ఇదీ వరస."

"మంచులో నడిచొచ్చి బూట్లు దులుపుకోకుండా ఎక్కుతావు. తడవక ఏం చేస్తుంది?"

"అద్దం కూడా లోపల్నుంచి మసకేస్తోంది. తుడిస్తే జిడ్డుగా సాగుతోంది. ఏదో తియ్యటి వాసన కూడానూ, పండు మాగినట్టు."

"నీ మందుల పెట్టె వాసనే అది."

"మందుల వాసన నాకు తెలీదా? సరే, ఎందుకీ వాదన, నీ నాలుక ఉందిగా. పెట్టి చూడు, వెళ్లిపోతా. కొండ మీద ముసలాయన ఎదురుచూస్తుంటాడు."

మేస్త్రి ముందు బానెట్ ఎత్తాడు. కూలెంటు డబ్బా గీత వరకూ నిండుగా ఉంది. కారుతుంటే ఇంత నిండుగా ఎందుకుంటుందనుకున్నాడు. అయినా మనసు ఊరుకోలేదు. గాలి పంపు బిగిస్తే పది నిమిషాల్లో తేలిపోయేదే. కానీ చెల్లెలు పక్కనే నిలబడింది. చిన్నప్పట్నుంచీ ఈ అన్నయ్య వేలు అద్దడం, చెప్పడం తప్ప పంపు బిగించడం చూసిన పిల్ల కాదు. ఎందుకన్నయ్యా పంపు అంటుంది. ఏం చెప్పాలి?

వంగి, నల్లగా బురద పట్టిన మ్యాటు మీద వేలు అద్దాడు. నాలుకకి తాకించాడు. కళ్లు మూసుకున్నాడు. లోపల చీకటి తప్ప ఏమీ లేదు.

"మంచు నీళ్లే. సాయంత్రానికి ఆరిపోతుంది, పో."

"చూశావా, నీ దగ్గరికొస్తే ఇదే హాయి" అని నవ్వుతూ బండెక్కింది. ఆయన ఉమ్మేసి పుక్కిలించి, వరసలో తర్వాతి బండి దగ్గరికి నడిచాడు.

డాష్‌బోర్డు వెనకాల హీటరుకని ఒక బుల్లి రేడియేటరుంటుంది. దాని గుండానే వేడి కూలెంటు తిరిగి కారు లోపల వెచ్చబరుస్తుంది. చెల్లెలి బండిలో తుప్పుపట్టి కారుతోంది అదే, సరిగ్గా ఆమె పాదాల పైన. కొండ సగం ఎక్కేసరికి హీటరు చల్లగాలి కొట్టింది. అద్దం పూర్తిగా మూసుకుపోయింది. వేడి ముల్లు ఎర్రగీత దాటింది. బుస్సుమని ఆవిరి లేచి బండి ఆగిపోయింది. ఫోను అందని చోటు.

మధ్యాహ్నం వరకూ లోపలే కూర్చుంది. ఎవరో ఒకరు వస్తారనుకుంది. ఎవరూ రాలేదు, మంచు మాత్రం వచ్చింది. బూట్లలో మేజోళ్లు అప్పటికే తడి ముద్దలు. ఆ తడి కాళ్లతోనే దిగి కిందకి నడిచింది. రెండు మైళ్ల అవతల రోడ్డు మీద మంచు తోసే బండివాడికి కనిపించేసరికి ఎడమ కాలు తనదో కాదో తెలియట్లేదని చెప్పిందట.

కబురంది మేస్త్రి ఆస్పత్రికి పరుగెత్తేసరికి చెల్లెలి మొగుడు, మేస్త్రికి బావ, వరండా బల్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పంక్చర్ల పెద్దాయన కూడా మేస్త్రి వెంటే వచ్చాడు. మేస్త్రి పెళ్లాం అప్పటికే అక్కడుంది.

"నేనే చంపుకున్నాను బావగారూ. మొన్న రాత్రి బండిలో ఎర్రదీపం వెలిగింది. బానెట్ కింది డబ్బా ఖాళీగా ఉంటే కుళాయి నీళ్లు పట్టి పోసేశాను. తనకి చెప్పలేదు. చిన్న విషయమే కదా అనుకున్నా."

మేస్త్రికి డబ్బా ఎందుకు నిండుగా ఉందో తెలిసిపోయింది. మ్యాటు మీది తడి ఏమిటో తెలిసిపోయింది. ఆ ఒక్క క్షణంలో నోరు తెరిచి నిజం చెప్పేసుంటే ఈ కథ ఇంకోలా ఉండేది. నోరైతే తెరిచాడు.

"నీళ్లా? ఈ చలిలోనా?"

అంతే అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క ఆడలేదు. ఆ రెండు మాటలే తీర్పైపోయాయి. పంక్చర్ల పెద్దాయన నుదురు కొట్టుకున్నాడు. "చదువుకున్నవాడివి కదయ్యా! చలికాలంలో ఉత్త నీళ్లు పోస్తే ఇంజను పగులుతుందని పాలు తాగే పిల్లకి కూడా తెలుసు!"

గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద చెల్లెలు ఆ మాటలు వింది.

మూడోరోజు బండిని ఈడ్చుకొచ్చి షెడ్డులో పెట్టారు. రాత్రంతా కొండ మీద నిలబడి, లోపల మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఇంజను నిలువునా చీలింది. వీధంతా వచ్చి ఆ చీలిక చూసి, బావని తిట్టి వెళ్లింది. అందరూ వెళ్లాక మేస్త్రి డాష్‌బోర్డు విప్పాడు. ఆ బుల్లి రేడియేటరు జల్లెడలా ఉంది. ఇంజను చీలింది బండి ఆగిపోయాక. బండి ఆగింది మాత్రం కూలెంటు కారిపోయి. ముందేదో వెనకేదో తెలిసిన మనిషి ఆ వీధి మొత్తానికి ఒక్కడే. ఆయన డాష్‌బోర్డు మళ్లీ బిగించి, ఒక్క మర కూడా మిగల్చకుండా పెట్టేశాడు.

చెల్లెలి ఎడమ కాలికి మూడు వేళ్లు తీసేశారు. కొండ ఇళ్లకి ఇంకో నర్సుని పెట్టారు. ఇంటికొచ్చాక ఆమె మొగుడితో మాట్లాడ్డం మానేసింది. కావాల్సినవి గోడకి చెప్పినట్టు చెప్పేది. "కట్టు మార్చాలి." "నీళ్లు కావాలి." నీళ్లన్న మాట నోట్లోంచి వచ్చినప్పుడల్లా ఆయన చెంపదెబ్బ తిన్నట్టు తలొంచుకునేవాడు. వంట, గిన్నెలు, కట్లు అన్నీ ఆయనే. పనికి వెళ్లొచ్చే దారి పంక్చర్ల పెద్దాయన షెడ్డు ముందు నుంచే.

"అదుగో, మంచు బాబొస్తున్నాడు! ఏం నాయనా, ఇవాళ ఎవరి బండిలో పోశావు నీళ్లు?"

టైరు కోసం వచ్చినవాళ్లంతా గొల్లున నవ్వేవాళ్లు. ఆయన తల తిప్పకుండా నడిచిపోయేవాడు. పక్క షెడ్డులో మేస్త్రి ఏదో ఒక బండి కిందకి దూరేవాడు. కింద పనేమీ లేకపోయినా.

ఇలా నెల గడిచింది. ఒక సాయంత్రం పెళ్లాం వేడివేడిగా సూపు పెట్టింది. మేస్త్రి తలొంచుకుని గిన్నె ఖాళీ చేశాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"గుప్పెడు ఉప్పు పోశాను అందులో" అంది ఆవిడ. "కుక్క కూడా ముట్టదు."

మేస్త్రి చెంచా కింద పెట్టాడు.

"జ్వరం తగ్గిన వారానికే నాకు తెలిసింది. ఒకరోజు ఉప్పు మర్చిపోయాను, మీరు బాగుందన్నారు. పోనీలే, మగాడు, సిగ్గుపడుతున్నాడు, ఆయనే చెప్తాడని ఊరుకున్నా. అదే నా తప్పు. ఇవాళ పొద్దున మీ చెల్లెల్ని చూడ్డానికి వెళ్లా. ఆరోజు మీ దగ్గరికే వచ్చిందటగా. మ్యాటు తడి చూపించిందటగా. 'మా అన్నయ్య నాలుక పెట్టి చూసి మంచు నీళ్లన్నాడు వదినా, అప్పటికి బాగానే ఉంది, ఈయన నీళ్లే కొంప ముంచాయి' అంది. నేనేం మాట్లాడను? నోరు మూసుకుని లేచొచ్చాను."

మేస్త్రి గిన్నె వైపే చూస్తున్నాడు. "చెప్తే షెడ్డు మూసుకోవడమే. ఎవడొస్తాడే ఇక?"

"రాకపోతే మానెయ్యండి. ఆ మనిషి మొహం చూశారా ఈ మధ్య? చొక్కా లోపల మనిషి లేడు. అతగాడేదైనా చేసుకున్నాక చెప్తారా?"

మర్నాడు ఆదివారం. పదింటికల్లా చెల్లెలి ఇంటి మెట్లెక్కాడు. రెండంతస్తులు ఎక్కేసరికి నాలుగుసార్లు వెనక్కి తిరిగుంటాడు. చెల్లెలు కిటికీ దగ్గర కుర్చీలో, కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని ఉంది. బావ నేల మీద కూర్చుని బంగాళాదుంపల చెక్కు తీస్తున్నాడు.

"కూర్చో అన్నయ్యా. వదిన రాలేదా?"

కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"నాకు రుచి తెలియట్లేదమ్మా. జ్వరమొచ్చినప్పట్నుంచీ. ఆరోజు నువ్వు తెచ్చిన తడి కూలెంటే. నాకేమీ తెలియలేదు, మంచు నీళ్లని నోటికొచ్చింది చెప్పాను. హీటరు దగ్గర కారుతోంది. బండి ఆగింది దానివల్ల. బావ నీళ్లవల్ల కాదు. అవి తర్వాత గడ్డకట్టాయి."

బావ చేతిలో కత్తి ఆగిపోయింది. చెల్లెలు అన్నయ్యనే చూస్తోంది.

"తియ్యటి వాసనొస్తోందని చెప్పాను."

"చెప్పావు."

"మందుల పెట్టె వాసనన్నావు."

"అన్నాను."

"ఆస్పత్రిలో ఈయన ఏడుస్తుంటే పక్కనే నిలబడ్డావు."

మేస్త్రి తలూపాడు.

"నెల రోజులు" అంది. "నెల రోజులు ఈయన చేతి అన్నం తిని, ఈయన మొహం చూడలేదు. కట్టు విప్పేటప్పుడు చేతులు వణుకుతుంటే తిట్టాను. వణకనీ, బుద్ధొస్తుందనుకున్నాను."

"నీళ్లు పోసింది మాత్రం నేనే కదా బావగారూ" అన్నాడు బావ, నేల వైపు చూస్తూనే. "నేను పొయ్యకపోతే డబ్బా ఖాళీగా కనపడేది. మీరు పట్టేసేవాళ్లు. సగం నాదే."

"కాదు బావా. పంపు బిగిస్తే పది నిమిషాల పని. సిగ్గుపడి బిగించలేదు. నీదేం లేదు ఇందులో."

"చెప్పి ఉండాల్సింది నేను..."

చెల్లెలు నవ్వింది.

"బాగుంది. ఇద్దరూ వాటాలేసుకోండి. నీకు సగం, ఆయనకి సగం. పోయిన వేళ్లు మాత్రం మూడూ నావే."

చెల్లెలు కాలు మెల్లగా కిందకి దించింది. లేవబోతే మేస్త్రి గబుక్కున చెయ్యి చాపాడు. ఆ చెయ్యి పట్టుకోలేదు.

"ఏమండీ, మీరు రండి. కాస్త పట్టుకోండి" అంది మొగుడితో. నెల తర్వాత ఆయన్ని ఏమండీ అని పిలవడం అదే మొదటిసారి. ఆయన తడి చేతులు చొక్కాకి తుడుచుకుంటూ లేచాడు. ఏడుపు ఆపుకోలేక మొహం అటు తిప్పుకున్నాడు.

"నువ్వు వెళ్లు అన్నయ్యా. వెళ్లి వీధిలో కూడా చెప్పు. పెద్దాయనకి ముందు చెప్పు. రేపు ఈయన ఆ దారిన వెళ్లేటప్పుడు ఎవరూ నవ్వకూడదు. ఇంకెప్పుడైనా బండి కొనుక్కుంటే నీ షెడ్డుకి తీసుకురాను. బాధపడతావని ఇప్పుడే చెప్తున్నా."

పంక్చర్ల పెద్దాయనకి ఆదివారం లేదు, పండగ లేదు. నీళ్ల తొట్టి పైన గడ్డకట్టిన పొర పగలగొడుతున్నాడు.

"ఏరా, సెలవు రోజున దిగబడ్డావు?"

మేస్త్రి నిలబడే అంతా చెప్పాడు. మొదట్లో ఆయన పరాచికాలనుకుని పళ్లికిలించాడు. నాలుక మాట వచ్చాక నవ్వు ఆగింది. ఆస్పత్రి మాట వచ్చాక చేతిలో సుత్తి తొట్టి అంచు మీద పెట్టాడు.

"ఆ పిచ్చి మారాజుని నేను ఎన్నేసి మాటలన్నాన్రా" అన్నాడు. "రోజూ అన్నాను. నువ్వు ఇక్కడే ఉన్నావు. వింటూనే ఉన్నావు."

"విన్నాను."

పెద్దాయన చేతులు తుడుచుకుని, టోపీ పెట్టుకుని, షట్టరు బర్రున కిందకి లాగాడు. తాళం వేసి బావ ఇల్లున్న వైపు నడిచాడు. మేస్త్రి రెండడుగులు వెంట వేస్తే, వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి, అక్కడే ఆగమన్నాడు.